ఎండ కొట్టిన దెబ్బ చలికాలంలో బయటపడుతుంది

డిసెంబరు తెల్లవారుజామున కూకట్‌పల్లిలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి వెళ్లినా ఏదో ఒక పాత కారు సెల్ఫ్ అందుకోలేక మూలుగుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఓనరు రెండుసార్లు తాళం తిప్పి, మూడోసారికి విసుగొచ్చి, "చలికి బ్యాటరీ పోయింది" అంటాడు. నిజానికి ఆ బ్యాటరీ మే నెల ఎండలకే సగం పోయింది. మిగతా సగంతో వానాకాలం నెట్టుకొచ్చింది. చలి వచ్చాక ఇక దాచుకోలేకపోయింది.

హైదరాబాద్‌లో మొదటిసారి సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లు ముందుగా గ్రహించాల్సింది ఇదే. 40 డిగ్రీలు దాటే ఎండ, ఆ వెనకే వచ్చే వాన, గంటల తరబడి ట్రాఫిక్ కలిసి కారును లోపల్లోపల తినేస్తాయి. ఆ నష్టం చలికాలం ఉదయాల్లో ఒక్కసారిగా పైకి తేలుతుంది. కాబట్టి నవంబరులో చేయించాల్సిన పని, గడిచిన ఎనిమిది నెలల్లో ఏది అరిగిందో, ఏది ఎండిందో వెతికి పట్టుకోవడం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొత్తగా కారు కొన్న కుర్రాళ్లు ఫోన్‌లో వెతికితే దొరికే సలహాల్లో చాలావరకు మంచు దేశాలవి. వింటర్ టైర్లు, ఇంజిన్‌ను వెచ్చబెట్టే కరెంటు హీటర్లు, రోడ్ల మీద చల్లే ఉప్పుకి తుప్పు పట్టకుండా అడుగున పూతలు. అక్కడ అవన్నీ అవసరమే. 7 డిగ్రీల కిందికి వెళ్తే మామూలు టైరు రబ్బరు బిరుసెక్కి పట్టు తగ్గుతుంది. జర్మనీలో మంచు పట్టిన రోడ్డు మీద బండి నడపాలంటే వింటర్ టైర్లు ఉండాల్సిందేనని చట్టమే ఉంది. మన దగ్గర చలి బాగా ముదిరితే పటాన్‌చెరు, రాజేంద్రనగర్ వైపు సింగిల్ డిజిట్‌కి దిగుతుంది. నగరం మధ్యలో అది కూడా అరుదు. ఇంజిన్ ఆయిల్ సంగతీ అంతే. 20డబ్ల్యూ రకం ఆయిల్‌తో ఇంజిన్ తిరుగుతుందా లేదా అన్న పరీక్ష మైనస్ 15 డిగ్రీల దగ్గర చేస్తారు, 5డబ్ల్యూ రకానికైతే మైనస్ 30 దగ్గర. మన జనవరికి ఆ రెంటితోనూ ఇబ్బంది లేదు. మాన్యువల్‌లో ఏ గ్రేడ్ రాశారో అదే పోయించండి. "చలికాలం స్పెషల్" అని ఎవరైనా పలచటి ఆయిల్ అమ్మజూపితే వద్దనండి.

బ్యాటరీ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీకి అసలు శత్రువు వేడి. బానెట్ కింద ఉడికే కొద్దీ లోపలి పలకలు తినేసుకుపోతాయి, నీరు ఆవిరైపోతుంది. చలిలో రసాయన చర్య నెమ్మదిస్తుంది కాబట్టి ఇచ్చే శక్తి తగ్గుతుంది. అదే సమయంలో చిక్కబడ్డ ఆయిల్‌ను తిప్పడానికి సెల్ఫ్ మోటార్ ఎక్కువ శక్తి అడుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీకి 13 డిగ్రీల చలి ఒక లెక్కే కాదు. ఎండకు అరిగిపోయినదానికి మాత్రం అదే చాలు.

పోయిన నవంబరులో మా పక్కింటి అబ్బాయి కొన్న పాత పెట్రోల్ కారుకి మా కాలనీ బ్యాటరీ మెకానిక్ చేసిన పరీక్ష చూశాను. రాత్రంతా ఆగి ఉన్న బండి. బానెట్ ఎత్తి, టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగి, తుడిచి, మల్టీమీటర్ పెట్టాడు. 12.3 వోల్టులు చూపించింది. ఫుల్ చార్జ్ ఉంటే 12.6 ఉండాలి, 12.2 అంటే సగమే. "ఇప్పుడు సెల్ఫ్ కొట్టు అన్నా" అన్నాడు. తాళం తిప్పగానే అంకె ధభాలున 8.9కి పడిపోయింది. "చూసినవా అన్నా, తొమ్మిది కిందికి పోయింది. సంక్రాంతి దాకా రాదిది." ఇంజిన్ అందుకున్నాక మళ్లీ చూస్తే 14.1. "బ్యాటరీని చార్జ్ చేసే డైనమో మంచిగనే ఉన్నది, దాని జోలికి పోకు." అయిదు నిమిషాల పని. సెల్ఫ్ కొట్టేటప్పుడు తొమ్మిదిన్నర కిందికి పడితే బ్యాటరీ చివరి దశలో ఉన్నట్టు, ఇంజిన్ ఆన్‌లో ఉండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే చార్జింగ్ సరిగ్గా ఉన్నట్టు. ఈ మూడు అంకెలు తెలిస్తే ఓనరును ఎవరూ భయపెట్టలేరు, అనవసరంగా డైనమో మార్పించలేరు.

ఇంకో మాట. మెట్రోలో ఆఫీసుకి వెళ్తూ ఆదివారం మాత్రమే కారు తీసేవాళ్లు మన ఊళ్లో చాలామందే. కూరగాయల మార్కెట్ దాకా రెండు కిలోమీటర్లు వెళ్లొస్తే, బ్యాటరీకి సరిపడా చార్జ్ ఎక్కదు. వారానికి ఒకసారైనా అరగంట ఏకబిగిన నడపాలి.

బ్యాటరీ తర్వాత నేను థర్మోస్టాట్ వాల్వ్ గురించి చెబుతాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ చెప్పరు. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్ వైపు వెళ్లనివ్వకుండా ఆపి, దాదాపు 82 నుంచి 88 డిగ్రీల దగ్గర తెరుచుకునే చిన్న వాల్వ్ అది. మన దగ్గర చాలా పాత కార్లలో అది ఉండదు. ఎప్పుడో ఒక వేసవిలో అమీర్‌పేట ట్రాఫిక్‌లో బండి హీటెక్కి ఆగిపోతే, మెకానిక్ దాన్ని పీకి పక్కన పడేసి ఉంటాడు. అతన్ని పూర్తిగా తప్పుబట్టలేం. బోరు నీళ్లు పోసీ పోసీ రేడియేటర్‌లో గార కట్టింది, కొత్త రేడియేటర్‌కి ఓనరు డబ్బు పెట్టనన్నాడు, ఆ వేసవి గట్టెక్కడానికి అతని చేతిలో ఉన్న దారి అదొక్కటే. కానీ ఆ ఫలితం ఇప్పుడు బండి కొన్న మీ మీద పడుతుంది. వాల్వ్ లేని ఇంజిన్ చలికాలంలో సరిగ్గా వేడెక్కదు. కంప్యూటర్ ఉన్న ఇంజిన్ అయితే ఇంకా చల్లగానే ఉన్నానని అనుకుని పెట్రోల్ ఎక్కువ తాగుతుంది. మైలేజీ పడిపోతుంది, హీటర్ వేస్తే గోరువెచ్చటి గాలి కూడా రాదు.

పట్టుకోవడం తేలిక. ఉదయం ఔటర్ రింగ్ రోడ్డు మీద పావుగంట నడిపాక కూడా టెంపరేచర్ ముల్లు అడుగునే ఉంటే వాల్వ్ లేదని, లేదా తెరుచుకుని ఇరుక్కుపోయిందని అర్థం. స్పేర్ పార్టుల దుకాణాలుండే రాణిగంజ్‌లో మామూలు చిన్న కార్ల వాల్వ్ దొరకని రోజు ఉండదు, పెద్ద ఖర్చూ కాదు. కానీ వాల్వ్ ఒక్కటే బిగించి వదిలేస్తే వేసవిలో పాత కథే మళ్లీ మొదలవుతుంది. రేడియేటర్ శుభ్రం చేయించి, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోయించాలి. ఆ మిశ్రమం మైనస్ 37 దాకా గడ్డకట్టదని డబ్బాల మీద రాస్తారు. మనకు ఆ గుణంతో పని లేదు. తుప్పు పట్టకుండా కాపాడటం, మరిగే ఉష్ణోగ్రతను పెంచడం, ఈ రెండింటి కోసమే మనం పోయించుకునేది.

హీటర్ అన్నానని నవ్వకండి. హైదరాబాద్‌లో హీటర్ వాడేది చలి కాచుకోవడానికి కాదు, అద్దం కనబడటానికి. తెల్లవారుజామున నలుగురు ఎక్కి కిటికీలు మూస్తే ఊపిరి తేమతో ముందు అద్దం లోపలివైపు మసకబారుతుంది. చాలామంది చేత్తో తుడుస్తారు, అర నిమిషానికి మళ్లీ కమ్ముతుంది. ఏసీ ఆన్ చేసి, నాబ్‌ను వేడి వైపు తిప్పి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టి, ఆ గాలిని అద్దం మీదికి వదిలితే ఏసీ తేమను లాగేస్తుంది, వేడి మిగతాది ఆరబెడుతుంది. ఏళ్ల తరబడి వాడక హీటర్ కేబుల్ బిగుసుకుపోయి ఉంటుంది కాబట్టి అవసరం రాకముందే ఒకసారి తిప్పి చూసుకోవాలి. అద్దానికి లోపల జిడ్డు పట్టి, తీపి వాసన వస్తే, వేడి కూలెంట్ పారే హీటర్ కోర్ లీకవుతోందని అనుమానించాలి.

టైర్ల గాలి గురించి అందరూ చెబుతారు, ఎందుకో చెప్పేవాళ్లు తక్కువ. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీలు తగ్గితే గాలి సుమారు ఒక పాయింటు (పీఎస్ఐ) తగ్గుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం బంకులో 33 పాయింట్లు కొట్టించి మళ్లీ చూడకపోతే, ఎక్కడా పంక్చర్ లేకపోయినా డిసెంబరు ఉదయానికి నాలుగైదు పాయింట్లు తక్కువే ఉంటుంది. బండి నడపకముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఉంటుంది. అంతకన్నా ముఖ్యం టైరు వయసు. పక్క గోడ మీద కోడి గుడ్డు ఆకారంలో ఉన్న గడిలో నాలుగు అంకెలు వెతకండి. 2318 అని ఉంటే 2018లో 23వ వారంలో తయారైందని. గాడులు లోతుగా కనిపించినా, సెల్లార్ బయట ఎండలో ఏళ్లు గడిపిన రబ్బరు పక్కన సన్నటి పగుళ్లిస్తుంది. సెకండ్ హ్యాండ్ కారు అమ్మేవాళ్లు టైర్లకి నల్లరంగు పూస్తారు, ఆ పగుళ్లు దాని కింద దాక్కుంటాయి.

వైపర్ రబ్బర్లు వేసవికే ఎండిపోయి ఉంటాయి, మార్చేయండి. హెడ్‌లైట్ మీద ప్లాస్టిక్ పసుపుపచ్చగా మారితే పాలిష్ పట్టించండి, కొత్త బల్బులు వేసినా ఆ మసక గుండా వెలుతురు రాదు. పార్కింగ్‌లో ఎలుకలు తిరుగుతుంటే రోజూ ఉదయం బానెట్ ఎత్తి వైర్లు చూడండి. వేడి తగ్గని ఇంజిన్ దగ్గర చలికి ఎలుకలూ పిల్లులూ చేరతాయి, కాబట్టి స్టార్ట్ చేసే ముందు బానెట్ మీద ఒకసారి తట్టండి. డీజిల్ బండి అయితే డాష్‌బోర్డు మీద కాయిల్ గుర్తు ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టాలి. రోజూ ఉదయం తెల్లపొగ వదులుతూ వణుకుతోందంటే హీటర్ ప్లగ్‌లు చూపించండి.

పొద్దున్నే బండి స్టార్ట్ చేసి పది నిమిషాలు అలా వదిలేసే అలవాటు మాత్రం మానాల్సిందే. చోక్ లాగి నడిపిన కార్బొరేటర్ బండ్ల కాలంలో అది అవసరం. ఇంధనాన్ని ఇంజెక్షన్‌తో పంపే కార్లకు అర నిమిషం చాలు, తర్వాత మొదటి రెండు కిలోమీటర్లు మెల్లగా నడిపితే ఇంజిన్ ఇంకా త్వరగా వేడెక్కుతుంది. చలికాలంలో నేల దగ్గరి చల్లగాలి పైకి లేవదు కాబట్టి పొగ మన ముక్కు ఎత్తులోనే నిలిచిపోతుంది. సనత్‌నగర్, బొల్లారం వైపు ఉండేవాళ్లకి ఇది ఎవరూ వివరించక్కర్లేదు. అంతకన్నా భయం సెల్లార్ గురించి. మూసి ఉన్న సెల్లార్‌లో ఇంజిన్ ఆన్ చేసి వదిలేస్తే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. పాత కారులో సైలెన్సర్ పైపు చిల్లు పడి, డిక్కీ రబ్బరు ఊడిపోయి ఉంటే, చలికి కిటికీలు బిగించుకుని వెళ్తున్నప్పుడు అది లోపలికే వస్తుంది. పిల్లలకి కారెక్కితే తలనొప్పి వస్తోందంటే కారు వాంతుల బాపతని వదిలేయకుండా, బండిని లిఫ్ట్ మీద ఎక్కించి సైలెన్సర్ మొత్తం చూపించండి. ఈ వ్యాసంలో ఒక్క పనే చేయించగలిగితే ఇది చేయించండి.

ఇప్పుడు డబ్బు సంగతి. కొత్త ఓనరు చేతిలో ఉండేది పదో పదిహేనో వేలు. అది ముందుగా సీటు కవర్లకి, పెద్ద స్క్రీన్ మ్యూజిక్ సిస్టమ్‌కి వెళ్లిపోతుంది. మొదటి కారు మీద మమకారం అలాంటిదే, తప్పనను. కానీ వరుసలో సైలెన్సర్, బ్యాటరీ, టైర్లు, థర్మోస్టాట్ ముందుండాలి, మిగతావి తర్వాత. ఇందులో అమ్మేవాళ్ల బాధ్యత కూడా ఉంది. రంగు, గీతలు, డెంట్లు లెక్కపెట్టి చూపించే రిపోర్టులు ఇస్తున్నారు. బ్యాటరీ ఏ సంవత్సరానిదో, థర్మోస్టాట్ ఉందో లేదో, కూలెంట్ ఎప్పుడు మార్చారో ఆ రిపోర్టుల్లో కనబడదు. పాత సర్వీసు బిల్లులు బండితో పాటు చేతులు మారడం ఆర్‌సీ మారినంత మామూలు విషయం కావాలి. కొనేవాళ్లం అడగడం మొదలుపెడితేనే అది అవుతుంది. ఇన్సూరెన్స్ కూడా కొన్న 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్చడానికి దరఖాస్తు పెట్టుకోండి. పండగ ప్రయాణంలో బండికి దెబ్బ తగిలాక పాలసీలో పాత ఓనరు పేరుందని తెలిస్తే చేసేదేం ఉండదు.

పండగ ప్రయాణం అంటే విజయవాడ హైవే, పంతంగి టోల్ దగ్గర కిలోమీటర్ల కొద్దీ క్యూ. రద్దీ తప్పించుకోవడానికి అందరూ తెల్లవారుజామున మూడింటికే బయల్దేరతారు, సరిగ్గా పొగమంచు దిగే వేళకి పొలాల మధ్య ఉంటారు. పాత కారుకి అది తగిన సమయం కాదు. తప్పనప్పుడు డిప్ లైట్లతోనే వెళ్లాలి, హైబీమ్ వేస్తే మంచు మీద పడి తిరిగి మన కళ్లలోకే కొడుతుంది. నాలుగు ఇండికేటర్లు వేసుకుని నడిపితే మీరు ఎటు తిరుగుతున్నారో వెనకవాడికి తెలియదు, అవి ఆగిన బండికే. ఇక 158 కిలోమీటర్ల ఔటర్ మీద పొగమంచులో బండి మొరాయిస్తే అంచున ఆపి లోపల కూర్చోకండి. వెనక నుంచి వచ్చే లారీ డ్రైవర్‌కి మీరు కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. అందరినీ దింపి, రెయిలింగ్ అవతలికి పంపి, ఎర్ర త్రికోణాన్ని బాగా వెనక్కి పెట్టి, అక్కడి నుంచి ఫోన్ చేయండి. ఏడున్నర ఎనిమిదింటికి ఎండ ఎక్కాక బయల్దేరగలిగితే అసలు ఈ గొడవే ఉండదు.