చెట్టు తేరుకునేదాకా ఆగే కళ

2025 గణతంత్ర దినోత్సవాన దిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటంపై ఏటికొప్పాక లక్క బొమ్మలు కొలువుదీరాయి. వాటికి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. సహజ రంగుల కోసం దశాబ్దాలుగా పాటుపడిన సి.వి. రాజును 2023లో పద్మశ్రీ వరించింది. ఈ గౌరవాలన్నీ న్యాయంగా దక్కినవే. అయితే వీటిలో బొమ్మ కనిపించినంతగా, దానికి ఒళ్లిచ్చిన అంకుడు చెట్టు కనిపించలేదు. అడవితో కలిసి చేసే ఈ పనిని మనం చేతివృత్తి అని పిలిచి ఊరుకుంటున్నాం. నిజానికి అది ఎందరో కలిసి తరతరాలుగా సాగిస్తున్న కళా పరిశోధన. ఎక్కడ ఆగాలో, ఎంతకాలం ఆగాలో తెలుసుకోవడం అందులో అన్నిటికన్నా కష్టమైన పాఠమని నేను నమ్ముతున్నాను.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక ఊళ్లో బొమ్మ తయారయ్యే తీరును దగ్గరగా గమనిస్తే ఈ మాట అర్థమవుతుంది. బాగా ఆరిన అంకుడు కర్రను లేత్‌కు బిగించి, గిర్రున తిరుగుతుండగా ఉలితో ఆకారం తెస్తారు. ఆపైన రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. ఎండిన మొగలి ఆకుతో ఒత్తిపట్టగానే ఆ పూత నున్నబడి మెరుస్తుంది. ఎంత ఒత్తాలో చెప్పే కొలత ఏదీ లేదు, అది చేతికే తెలియాలి. లక్క నీళ్లలో కరగదు కాబట్టి, పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు వంటి వాటి రంగును దానితో కలపడం బట్టకు అద్దకం వేసినంత తేలిక కాదు. రసాయన రంగులు చవగ్గా దొరుకుతున్న కాలంలో కూడా కళాకారులు మళ్లీ మళ్లీ ప్రయత్నించి ఆ మేళవింపును సాధించారు. బొమ్మను పసిబిడ్డ తప్పకుండా నోట్లో పెట్టుకుంటుందన్న ఎరుక ఆ ప్రయత్నాల వెనుక ఉంది. (అంకుడు ఆకుల నుంచి కూడా నీలిరంగు వస్తుంది. దాని శాస్త్రీయ నామంలోని ‘టింక్టోరియా’ అన్న మాటకు అద్దకానికి పనికొచ్చేది అని అర్థం.)

ఎక్కడ ఆగాలి, చెట్టుకు ఎంత విశ్రాంతి ఇవ్వాలి అన్న సంగతి లక్క దగ్గర ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. లక్క పురుగులు మోదుగ, రేగు వంటి చెట్ల లేత కొమ్మల మీద చేరి, వాటి రసం పీల్చి బతుకుతాయి. అవి స్రవించే జిగురే గట్టిపడి లక్కగా మారుతుంది. పురుగుకు తిండి పెట్టిన చెట్టు సహజంగానే నీరసిస్తుంది. అందుకే తెలిసిన రైతులు పంట తీశాక ఆ చెట్టును కొన్నాళ్లు వదిలేసి, అప్పటికే కోలుకున్న మరో వరుస చెట్లకు విత్తన లక్కను, అంటే పురుగులున్న కొమ్మ ముక్కలను, కడతారు. ఒక్క ఏడాది ఆశకు పోయి అన్ని చెట్లనూ ఒకేసారి వాడుకుంటే చెట్టూ పోతుంది, పురుగూ పోతుంది. రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో 1924లోనే లక్క పరిశోధన సంస్థ ఏర్పడింది. చెట్లను వంతులవారీగా వాడాలన్న ఈ పద్ధతినే శాస్త్రవేత్తలూ సిఫారసు చేస్తారు. అంకుడు చెట్టు కూడా మొదలు మిగిల్చి నరికితే మళ్లీ చిగురిస్తుంది, ఆ చిగురు కర్రగా ముదిరే వ్యవధి మాత్రం ఇవ్వాలి.

ఈ నిగ్రహం మన కొండల్లో ఏనాటి నుంచో ఉంది. తూర్పు కనుమల ఆదివాసులు మామిడి కొత్త, కంది కొత్త వంటి పండుగలు జరిపేదాకా ఆ పంటను ముట్టరు. ఊరంతా కలిసి ఆగుతుంది, ఊరంతా కలిసి మొదలుపెడుతుంది. ఆ పండుగల్లోని పాటను, ఆటను మనం జానపద కళగా పొగుడుతూ, వాటికి ముందు ఊరంతా ఆగి ఉండటాన్ని పట్టించుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

మన కళా విధానం ఇందుకు పూర్తి విరుద్ధంగా నడుస్తోంది. ప్రదర్శనలు, మేళాలు, ఆర్డర్లు, గడువులు మాత్రమే అందులో ఉన్నాయి. బొమ్మల లెక్కన కూలి తీసుకునే మనిషి ఒక్క రోజు పని ఆపినా ఆ పూట సంపాదన ఉండదు. అలాంటప్పుడు కొత్త రంగు కోసం ఆకులు నానబెట్టి, విఫలమై, మళ్లీ మొదలుపెట్టే తీరిక ఎక్కడ దొరుకుతుంది? నడుము వంచి లేత్ ముందు కూర్చునే మనిషికీ, నరికిన మొదలు నుంచి చిగురించే చెట్టుకూ తేరుకునే కాలం కావాలి. ఒకరి విశ్రాంతిని దోచుకుంటే రెండోవారిది కూడా దక్కదు. ఎందుకంటే తొందరపెట్టిన ఆర్డరు చివరికి పచ్చి కర్ర మీదికీ, లేత చెట్టు మీదికీ వెళుతుంది.

2006 అటవీ హక్కుల చట్టం లక్కను చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. సామూహిక అటవీ వనరును కాపాడుకునే, పునరుద్ధరించుకునే హక్కునూ గుర్తించింది. ఆ హక్కు ఉన్న గ్రామసభలతో బొమ్మల కళాకారులను ఒకచోట కూర్చోబెట్టి, ఏ కొండవాలున అంకుడు నాటాలో, ఏ చెట్లను ఎన్నేళ్లు వదిలేయాలో కలిసి తేల్చుకోనివ్వాలి. చెట్లు కోలుకునే ఆ ఏళ్లలో కళాకారులు రంగుల మీద ప్రయోగాలు చేసుకునేందుకు నెలనెలా భృతి ఇవ్వాలి. ఆ కాలంలో ఎన్ని బొమ్మలు చేశారని ఎవరూ అడగకూడదు.