ఇంజెక్టర్ల కంటే ముందు గాలి సంగతి చూడండి

పాత డీజిల్ కారు అప్పుడప్పుడు కుదుపులిస్తే ముందుగా ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి డీజిల్‌ను చిమ్మే భాగాలు) మార్చాలని ఒక వ్యాసకర్త ఇచ్చిన సలహాతో నేను ఏకీభవించలేను. అది ఖరీదైన తొందరపాటు. చాలా పాత కార్లలో ఇంజిన్ వైపున్న పంపు ట్యాంకులోని డీజిల్‌ను గొట్టం ద్వారా పీల్చుకుంటుంది. ఆ గొట్టంలో సన్నని పగులుంటే ఇంధనం బయటికి కారకుండానే గాలి లోపలికి చొరబడుతుంది. అందుకే ఎక్కడా తడి కనిపించదు, మెకానిక్ చేతికి వచ్చేసరికి బండి చక్కగా నడుస్తుంది! నేను మూడు నెలలు ఇలాగే తిరిగాను. చివరికి డీజిల్ ఫిల్టరుకు, పంపుకు మధ్య పారదర్శకమైన గొట్టం ముక్కను తాత్కాలికంగా అమర్చి చూస్తే వరుసగా బుడగలు. ఫిల్టరు దగ్గరి రబ్బరు సీలు గట్టిపడిపోయింది, అంతే. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే కుదుపులు వస్తుంటే ఫిల్టరు పూడుకుపోయిందేమో చూడండి. దాని అడుగున చేరిన నీటినీ తీసేయండి.