పేరు రాకపోతే మనిషి లేడని కాదు

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు కాలేజీ ల్యాబులు, జన సేవా కేంద్రాలు చూసుకునే మనవాళ్లందరికీ ఒక మాట చెప్పాలి. కరెంటు పోయి యూపీఎస్ మీద నడుస్తున్నప్పుడు "ఎవరూ లాగిన్ అయి లేని సిస్టమ్స్ అన్నీ ఆపేయ్" అనే స్క్రిప్ట్ (తనంతట తాను నడిచే కమాండ్ల ఫైలు) మన దగ్గర చాలాచోట్ల ఉంది. అవసరమే, కాదనను. కానీ ఎవరూ లేరని ఆ స్క్రిప్ట్‌కి ఎలా తెలుస్తోంది? ఎక్కువ స్క్రిప్టుల్లో ఉన్నది ఒకే ఒక్క లైను: డబ్ల్యూఎంఐలో (మెషిన్ వివరాలు అడిగి తెలుసుకునే విండోస్ సౌకర్యం) విన్32 కంప్యూటర్‌సిస్టమ్ తెరిచి యూజర్‌నేమ్ చదవడం. అది ఖాళీగా వస్తే షట్‌డౌన్. ఓ పిల్ల సగం నింపిన స్కాలర్‌షిప్ ఫారం అక్కడే పోతోంది. ఆ పిల్ల మళ్లీ కులం సర్టిఫికెట్ స్కాన్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం, ఎందుకంటే సరిగ్గా రాయడానికి పట్టేది ఒక పూట పని.

ఆ యూజర్‌నేమ్ చెప్పేది కన్సోల్ ముందు, అంటే ఆ మెషిన్ సొంత తెర, కీబోర్డు ముందు కూర్చున్న మనిషి పేరు మాత్రమే. రిమోట్ డెస్క్‌టాప్‌లో వచ్చినవాళ్ల పేరు అందులో రాదు. స్విచ్ యూజర్ నొక్కి పక్కకి జరిగినవాళ్లదీ రాదు, వాళ్ల వర్డ్ ఫైలు మాత్రం వెనక తెరిచే ఉంటుంది.

ఇది తెలిసినవాళ్లు నెట్ వర్క్‌స్టేషన్ యూజర్ ఎన్యూమ్ అనే విండోస్ ఫంక్షన్ దగ్గరికి వెళతారు. దాని గుణం దీనికి సరిగ్గా వ్యతిరేకం. మనుషులతో పాటు సర్వీసుగా నడిచేవి, షెడ్యూల్డ్ టాస్కులు కూడా లాగిన్ కిందే లెక్కేస్తుంది. ఒకే పేరు నాలుగుసార్లు వస్తుంది, చివర డాలర్ గుర్తుతో కంప్యూటర్ అకౌంటూ వస్తుంది. దాన్ని నమ్ముకుంటే ఏ సిస్టమూ ఖాళీగా కనబడదు. ఇక నెట్ సెషన్ ఎన్యూమ్ సంగతి పూర్తిగా వేరు: ఆ మెషిన్‌లోని షేర్డ్ ఫోల్డర్‌ని నెట్‌వర్క్ మీద ఎవరు తెరిచారో అది చెబుతుంది, సిస్టమ్ ముందు ఎవరున్నారో చెప్పదు. రిజిస్ట్రీలో (విండోస్ సెట్టింగుల గిడ్డంగి) హెచ్‌కీ యూజర్స్ కింద ఎస్-1-5-21తో మొదలయ్యే ఎస్ఐడీలు (ఒక్కో అకౌంట్‌కి ఉండే గుర్తింపు నంబర్లు) చూసే పద్ధతి కొంత నయం. కానీ మనిషి లాగాఫ్ అయ్యాక కూడా ఏదో ప్రోగ్రామ్ పట్టుకుని ఉంటే ఆ కీ అలాగే ఉండిపోతుంది. పైగా రిమోట్ రిజిస్ట్రీ సర్వీస్ మామూలు విండోస్‌లో ఆపేసే ఉంటుంది.

లాగిన్ అయినవాళ్ల జాబితా చూపే క్వయూజర్ కమాండ్ ఇచ్చేది సరైన సమాచారమే, దాన్ని ముక్కలు చేసే తీరులోనే తప్పు జరుగుతోంది. కనెక్షన్ ఉన్న లైను ఇలా వస్తుంది: పేరు, ఆర్‌డీపీ-టీసీపీ#3 (సెషన్ పేరు; సెషన్ అంటే ఒక్కో లాగిన్), 2 (దాని ఐడీ), యాక్టివ్ (స్థితి), ఐడిల్ (ఎంతసేపు కదలిక లేదో), లాగిన్ టైము. కనెక్షన్ తెగినవాడి లైనులో రెండో గడి ఖాళీ: పేరు, తర్వాత అంతా తెలుపు, 3, డిస్క్ (డిస్‌కనెక్టెడ్‌కి పొట్టి రూపం). ఖాళీల దగ్గర విడగొట్టే కోడ్‌కి ఆ లైనులో 3 అనేది సెషన్ పేరయిపోతుంది, డిస్క్ అనేది ఐడీ అయిపోతుంది. స్థితి అడిగితే ఐడిల్ టైము చేతికొస్తుంది. "యాక్టివ్ కాకపోతే లేనట్టే" అని రాసినవాళ్లకి అక్కడ ఎవరూ కనబడరు. డిస్క్ అంటే వెళ్లిపోయాడని కాదు. తెర మూసుకుంది, ప్రోగ్రాములన్నీ నడుస్తూనే ఉన్నాయి. ఇంకా దారుణం ఏంటంటే, ఎవరూ లేనప్పుడు క్వయూజర్ "నో యూజర్ ఎగ్జిస్ట్స్" అని ఎర్రర్ దారిలోనే చెబుతుంది. కనెక్షన్ దొరకనప్పుడూ అదే దారి. పవర్‌షెల్‌లో (విండోస్ స్క్రిప్ట్ భాష) రెంటినీ ఒకే క్యాచ్‌లో, అంటే ఎర్రర్ పట్టే భాగంలో, పడేసి "ఖాళీ" అని రాసుకున్న స్క్రిప్టులు ఎన్నో.

కాబట్టి డబ్ల్యూటీఎస్ ఏపీఐ, అంటే సెషన్ల వివరాలని ప్రోగ్రాముకి నేరుగా ఇచ్చే విండోస్ ఫంక్షన్లు వాడండి. డబ్ల్యూటీఎస్ ఓపెన్‌సర్వర్‌కి మెషిన్ పేరిచ్చి హ్యాండిల్ (తర్వాతి కాల్స్‌కి చూపాల్సిన గుర్తు) తీసుకోండి. ఆ హ్యాండిల్ వచ్చిందని మెషిన్ దొరికినట్టు కాదు, అసలు సంగతి తర్వాతి కాల్‌లోనే తేలుతుంది. ఎన్యూమరేట్ సెషన్స్ పిలవండి. సెషన్ 0 సర్వీసులది, వదిలేయండి. ఆర్‌డీపీ-టీసీపీ పేరుతో లిజన్ స్థితిలో (కొత్త కనెక్షన్ కోసం కాచుకుని) 65536 నంబరు కనిపిస్తే అదీ మనిషి కాదు. మిగతా ప్రతి సెషన్‌కీ క్వెరీ సెషన్ ఇన్ఫర్మేషన్‌తో యూజర్‌నేమ్, డొమైన్‌నేమ్ అడగండి. పేరు ఖాళీ అయితే అది లాగిన్ తెర మాత్రమే. పేరుంటే, స్థితి 0 అయినా 4 అయినా, అంటే యాక్టివ్ అయినా డిస్‌కనెక్టెడ్ అయినా, లోపల మనిషి పని ఉన్నట్టే. తెర లాక్ చేసి టీకి వెళ్లినా యాక్టివే. వచ్చిన మెమరీని డబ్ల్యూటీఎస్ ఫ్రీమెమరీతో వదలండి, చివర్లో క్లోజ్‌సర్వర్. పైథాన్‌లో అయితే పైవిన్32లోని విన్32టీఎస్ మాడ్యూల్‌లో ఫ్రీమెమరీ తప్ప ఇవన్నీ ఉన్నాయి, మెమరీని అదే వదులుతుంది.

మన సరిహద్దు ఊళ్లలో తప్పనిసరిగా చూడాల్సింది ఒకటుంది. అకౌంట్ పేర్లు ఒడియాలోనో తెలుగులోనో పెట్టేవాళ్లున్నారు, పెట్టుకోవాలి కూడా. మన లిపులకి పాత ఏఎన్ఎస్ఐ కోడ్ పేజీ (అక్షరాలకి నంబర్లిచ్చే పట్టిక) లేదు, యూనికోడ్ ఒక్కటే దిక్కు. అందుకే ఫంక్షన్ పేరు చివర "ఏ" ఉన్నది పిలిస్తే పేరు మొత్తం ప్రశ్నార్థకాలై వస్తుంది. "డబ్ల్యూ" ఉన్నదే పిలవాలి. కమాండ్ అవుట్‌పుట్‌ని ఫైల్లోకి మళ్లించినా ఇదే గతి. ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే ప్రశ్నార్థకాల వరసగా మారితే డూప్లికేట్ అని ఒకరిని కొట్టేసే కోడ్ కూడా ఉంది. పోల్చడానికి పేరు వాడకండి, లుకప్ అకౌంట్‌నేమ్‌తో ఎస్ఐడీ తెచ్చుకోండి.

లాగిన్ టైము యూటీసీలో (మన టైముకి ఐదున్నర గంటలు వెనకున్న ప్రపంచ ప్రామాణిక సమయం) వస్తుంది. 5:30 కలపకపోతే సాయంత్రం 4 గంటలకి కూర్చున్నవాడు ఉదయం 10:30 నుంచీ ఉన్నట్టు కనిపిస్తాడు. కన్సోల్ సెషన్ ఐడిల్ టైము మీద మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

ఇప్పుడు ఎర్రర్లు. 5 వస్తే అనుమతి లేదని. డొమైన్ లేని వర్క్‌గ్రూప్ ల్యాబులో, అంటే ఏ మెషిన్ అకౌంట్లు ఆ మెషిన్‌లోనే ఉండే చోట, లోకల్ అడ్మిన్‌తో వెళ్లినా 5 రావచ్చు, ఎందుకంటే నెట్‌వర్క్ మీద వచ్చే లోకల్ అడ్మిన్ హక్కులని యూఏసీ (విండోస్‌లో అడ్మిన్ హక్కులకి కాపలా) కత్తిరిస్తుంది. రిజిస్ట్రీలో లోకల్ అకౌంట్ టోకెన్ ఫిల్టర్ పాలసీ 1 చేస్తే దారి తెరుచుకుంటుంది. కానీ ముప్పై సిస్టమ్స్‌కీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి అది చేశారంటే ఒకటి పోతే ముప్పై పోయినట్టే. ముందు పాస్‌వర్డులు వేరు చేయండి. 1722 వస్తే అవతలి మెషిన్ పలకలేదని: మెషిన్ ఆపి ఉండొచ్చు, ఫైర్‌వాల్ 445 పోర్టుని (ఈ కాల్స్ వెళ్లే నెట్‌వర్క్ దారి) ఆపుతుండొచ్చు, లేదా రిజిస్ట్రీలో టెర్మినల్ సర్వర్ కీ కింద అలో రిమోట్ ఆర్‌పీసీ 0గా ఉండొచ్చు. మామూలు విండోస్‌లో అది 0గానే వస్తుంది, 1 చేయాలి.

ఈ రెండు ఎర్రర్లలో ఏది వచ్చినా జవాబు "తెలియదు". మీ టేబుల్‌లో మూడు విలువలుండాలి: ఉన్నారు, లేరు, తెలియదు. తెలియదన్న సిస్టమ్ జోలికి స్క్రిప్ట్ వెళ్లకూడదు, అటెండర్ వెళ్లి చూడాలి. ఆపి ఉన్న మెషిన్ కోసం ఒక్కోదానికి ఇరవై సెకన్లు కాచుకుంటే పదిహేను మెషిన్లకి ఐదు నిమిషాలు, ఆలోపు యూపీఎస్ సగం దిగుతుంది. ముందు 445కి ఒక సెకను గడువుతో తట్టి చూసి, పలికినవాటినే అడగండి. అన్నింటినీ ఒకేసారి, వేర్వేరు థ్రెడ్లలో.

ఈవెంట్ లాగులో (విండోస్ రాసుకునే చిట్టా) 4624 అనే లాగిన్, 4634 అనే లాగాఫ్ నంబర్లని జత కలిపి లెక్కేద్దామనుకునేవాళ్లకి: కరెంటు పోయి సిస్టమ్ టపీమని ఆగితే లాగాఫ్ ఈవెంట్ రాయడానికి ఎవరూ మిగలరు. అలాంటి రోజు తర్వాత ఆ విద్యార్థి మీ రిపోర్టులో ఎప్పటికీ లాగిన్ అయ్యే ఉంటాడు. 6005 కనబడగానే, అంటే సిస్టమ్ మళ్లీ లేవగానే, అంతకుముందు తెరిచి ఉన్నవన్నీ మూసేయాలి.

లినక్స్ ల్యాబులైతే హూ కమాండ్ మామూలుగా చదివేది యూటంప్ ఫైలు (లాగిన్ల చిట్టా). కొన్ని గ్రాఫికల్ లాగిన్లు అందులో పడవు. లాగిన్‌సీటీఎల్ లిస్ట్-సెషన్స్ మేలు. ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లిచ్చే దారి) మీద అడిగేటప్పుడు, పాస్‌వర్డ్ కోసం ఆగిపోకుండా బ్యాచ్‌మోడ్ పెట్టి, కనెక్ట్ టైమ్‌ఔట్ 3 ఇవ్వండి. ఎగ్జిట్ కోడ్ 255 వస్తే కనెక్షనే కుదరలేదని, దాన్నీ "తెలియదు"లోనే వేయండి.

ఇక షట్‌డౌన్ కమాండ్. స్లాష్ టీ 300 (300 సెకన్ల గడువు) ఇచ్చి, స్లాష్ ఎఫ్ (బలవంతంగా మూసేయమని) పెట్టలేదు కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లు చాలామంది. టీ విలువ సున్నా దాటితే ఎఫ్ దానంతటదే వర్తిస్తుంది. ఐదు నిమిషాలు కాగానే సేవ్ చేయని ఫైలుతో సహా మూసేస్తుంది. అందుకే స్లాష్ సీ తర్వాత ఇచ్చే సందేశం ఒడియాలోనూ తెలుగులోనూ పెట్టండి. 512 అక్షరాల దాకా పడుతుంది, "వెంటనే సేవ్ చేసుకోండి" అని రెండు భాషల్లో రాయడానికి అది చాలు.