ఏడు రోజుల్లో లేచే గోడ

మొంథా తుపాను 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ మరుసటి వారం మా చెల్లె మహబూబ్‌నగర్‌లోని మా ఇంటికి వచ్చింది. చిన్నాయన కూతురు, డిగ్రీ కాలేజీలో లెక్చరర్, అక్కడ ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) బాధ్యత కూడా తనదే. నలభై మంది విద్యార్థులను తీసుకుని కోనసీమ తీరంలో ఒక పల్లెకు వెళ్లి, కూలిన ఇళ్లు నిలబెట్టాలని ఆమె ఆలోచన. మా నాయన నలభై ఏళ్లు సుతారి పని, అంటే తాపీ పని, చేసిన మనిషి. పిల్లలకు రెండు రోజులు గోడ కట్టడం నేర్పమని అడిగింది. ఆయన కుదరదన్నాడు. అన్నాలు చల్లారిపోయేదాకా నడిచిన మాటలివి. నేను మధ్యలో నోరు తెరవలేదు.

మేస్త్రీ: రెండు రోజుల్లో గోడ కట్టడం వస్తుందా బిడ్డా? మూడేళ్లు సిమెంట్, ఇసుక మాల్ కలిపి అందిస్తే గానీ మా మేస్త్రీ నా చేతికి తాపీ ఇవ్వలేదు.

లెక్చరర్: వాళ్లను మేస్త్రీలను చేయమనడం లేదు పెద్దనాయనా. ఇల్లు పోయినవాళ్ల దగ్గరికి ఒట్టి చేతులతో పోకూడదని అడుగుతున్నా.

మేస్త్రీ: పని రాని చేతి కంటే ఒట్టి చెయ్యే నయం. మీ క్యాంపు ఎన్ని రోజులు?

లెక్చరర్: ఏడు రోజులు. ఎన్‌ఎస్‌ఎస్ స్పెషల్ క్యాంపంటే ఏడు రోజులే.

మేస్త్రీ: కట్టిన గోడ గట్టిపడేలా నీళ్లు కొట్టడానికే కనీసం ఏడు రోజులు కావాలి. మీరు ఏడో రోజు బస్సు ఎక్కుతారు. ఆ గోడకు ఎవరు నీళ్లు కొడతారు?

లెక్చరర్: ఆ ఇంటివాళ్లు కొడతారు.

మేస్త్రీ: ఆ ఇంటివాళ్లు బియ్యం కోసం లైన్లో ఉంటారు.

(ఇక్కడ నాయన గొంతు మారింది. తర్వాత చెప్పినదంతా మా ఇంటి సంగతి. 2009 అక్టోబర్‌లో కృష్ణా, తుంగభద్ర కలిసి పొంగినప్పుడు శ్రీశైలం డ్యాం నీటిమట్టం నిండు మట్టమైన 885 అడుగులు దాటి 896 దాకా పోయింది. ఇటు ఆలంపూర్, అటు కర్నూలు మునిగాయి. ఆలంపూర్ దగ్గర నది ఒడ్డునే మా ఊరు.)

మేస్త్రీ: నేను అప్పుడు బొంబాయిలో పనిమీద ఉన్నా. ఊరు చేరేసరికి మన మట్టి మిద్దె ఇంకా నిలబడే ఉంది. నీళ్లు తీశాయి, బతికిపోయాం అనుకున్నాం. రెండో రోజు ఎండ కాసింది. అడుగున నానిన గోడ పైబరువు మోయలేక కూర్చుండిపోయింది. మట్టి గోడ వరదలోనే కూలాలని లేదు బిడ్డా, వరద పోయాక కూడా కూలుతుంది. తర్వాత ఒక సంస్థవాళ్లు వచ్చారు, పేరు ఎందుకులే. మంచి పిల్లలు. నేను సామాను కోసం కర్నూలు పోయి వచ్చేలోపు ఒక గది లేపేశారు. ఒక్క రోజులో ఐదడుగులకు మించి గోడ లేపకూడదు, కింది వరసలు పచ్చిగా ఉంటాయి. వాళ్లు పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి రేకుల దాకా తెచ్చారు. ఆరు తట్టల ఇసుకకు ఒక తట్ట సిమెంట్ పడాలి, ఎన్ని తట్టలకు వేశారో వాళ్లకే తెలియదు. వరద మరక పక్కింటి గోడ మీద ఛాతీ ఎత్తున కనిపిస్తూనే ఉంది. మన గదికి బేస్‌మెంట్ అడుగు ఎత్తు. గుమ్మం పైన మాత్రం వాళ్ల పేరు నీలం రంగుతో చక్కగా రాశారు. మరుసటి వానకాలానికి మూల చీలింది. నా చేతులతో నేనే విప్పాను.

లెక్చరర్: నాకు తెలుసు. ఇటుకలు మోసింది నేనే కదా.

మేస్త్రీ: ఇంకొకటి విను. వాళ్లు గోడలు కడుతున్నప్పుడు మన ఊళ్లో ఐదుగురు సుతారివాళ్లు రచ్చబండ మీద కూర్చుని చూస్తున్నారు. తాపీలు, గుండ్లు, రసమట్టాలు అన్నీ వరదలో పోయాయి. ఒక్కరైనా వాళ్లకు తాపీ కొనిచ్చి, కూలి ఇచ్చి పని చేయించలేదు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా పాలమూరు కూలీ ఉంటాడంటారు. అలాంటి జిల్లాలో, గోడ కట్టడం రానివాళ్లు వచ్చి, ఆ పని తెలిసినవాళ్ల ఎదుట కట్టారు. అవతల కోనసీమలోనూ సుతారివాళ్లు ఉంటారు, తాటాకు కప్పేవాళ్లు ఉంటారు. మీ బస్సు కిరాయి, మీ నలభై మంది తిండి ఖర్చు వాళ్ల కూలికి పంపు.

లెక్చరర్: పంపితే ఎవరికి అందుతుంది? నువ్వే చెప్పు. వరద తర్వాత మేస్త్రీ ఎవరి ఇంటికి ముందు పోతాడు?

(నాయన జవాబు చెప్పలేదు. ఆమె వదల్లేదు.)

లెక్చరర్: అందరి ఇళ్లూ ఒక్కసారే కూలితే పనివాళ్లు దొరకరు, కూలి పెరుగుతుంది. పైసలున్న ఇంటికి ముందు పోతారు. కిరాయికి ఉన్నవాళ్లు, ఒంటరి ఆడవాళ్లు, ముసలివాళ్లు చివర. వాళ్ల కోసమే నేను పిల్లల్ని తీసుకుపోతున్నా.

మేస్త్రీ: అది నిజమే. ఆ ఏడాది నేను మూడు నెలలు కర్నూలులో చేశాను. కూలి రెండింతలు ఇచ్చారు. మన వెనకింటి ముసలమ్మ సంక్రాంతి దాకా టార్పాలిన్ పట్టా కిందనే ఉంది. రోజూ పొద్దున ఆమె ముందునుంచే బస్సుకు పోయేవాణ్ని. తాపీ సంచి ఇట్లా చంకలో పెట్టుకుని.

(మా ఇంట్లో ఈ మాట అంతకుముందు ఎవరూ విని ఉండరు. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. కాసేపటికి చెల్లెనే మళ్లీ మొదలుపెట్టింది, ఈసారి మెల్లగా.)

లెక్చరర్: ఆ సంస్థ పిల్లలు గోడ సరిగా కట్టలేదు, ఒప్పుకుంటా. అందులో ఒక అన్న ఏం చేశాడో నీకు తెలియదు. మన ఇంటి బురద తోడుతుంటే మా నాయన పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు దొరికాయి. మేము పారేసేవాళ్లమే, ముద్దైపోయాయి. ఆయన మంచినీళ్లలో మెల్లగా కడిగి, పేజీ పేజీ విడదీసి, నీడలో రెండు రోజులు ఆరబెట్టాడు. పరిహారం రాసుకోవడానికి వచ్చినవాళ్లకు చూపించింది ఆ కాగితాలే. నేను కాలేజీకి పోయింది ఆ ఏడాది నిలబడ్డాం కాబట్టి.

మేస్త్రీ: అది మంచి పని. అది గోడ పని కాదు.

లెక్చరర్: అదే అంటున్నా. ఇప్పుడు రూలు ప్రకారం పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు, గుడిసెకు 8,000. ఇల్లు ఏ వరసలో రాశారన్న దాని మీద అంత తేడా ఉంటుంది. రాసుకునే మనిషి వచ్చినరోజు ఆ ఇంటివాళ్లు ఊళ్లో లేకపోతే, శిథిలాలు ఫొటో తీయకముందే ఎత్తేస్తే, అంతే. నా పిల్లలు ఇంటింటికీ తిరిగి ఫొటోలు తీసి అర్జీలు రాసిపెడతారు.

మేస్త్రీ: మరి దానికి నా దగ్గరికి ఎందుకొచ్చావు?

లెక్చరర్: ఎందుకంటే అర్జీ రాసి, పక్కన వాన కారుతుంటే చేతులు కట్టుకుని నిలబడలేం. 1977 నవంబర్ 19న దివిసీమకు ఉప్పెన వచ్చినప్పుడు ఎక్కడెక్కడివాళ్లో పోయారు. వేలమంది శవాలను ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎత్తారు. నాకు చేతకాదని వాళ్లు అనుకుని ఉంటే?

మేస్త్రీ: శవాలు ఎత్తినవాళ్లకు దండం పెడతా. కానీ శవం మీద తప్పు చేస్తే ఎవరూ చావరు. గోడ తప్పు కడితే దాని కింద పిల్లలు పడుకుంటారు. ఉప్పెన తగిలిన చోట బావి నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో మాల్ కలిపి, సముద్రపు ఇసుక వేసి, ఇనుము పెట్టి గుమ్మం పైన లింటెల్ పోస్తే కొన్నేళ్లకే ఇనుము తుప్పు పట్టి సిమెంట్‌ను పగలగొడుతుంది. మీ పిల్లలు నీళ్లు నోట్లో వేసుకుని చూస్తారా? రేకుకు హుక్కు ఎక్కడ బిగించాలో తెలుసా? గాలి రేకును అంచు దగ్గర పట్టి లేపుతుంది, నడుమ కాదు.

లెక్చరర్: ఇప్పుడు నేర్పుతున్నావు కదా.

మేస్త్రీ: నేర్పడం లేదు, భయపెడుతున్నా.

లెక్చరర్: పెద్దనాయనా, ఒక మేస్త్రీకి ఎంతమంది అందించేవాళ్లు ఉంటే పని ఆగకుండా నడుస్తుంది?

మేస్త్రీ: ఇద్దరు. మోసే దూరం ఎక్కువైతే ముగ్గురు.

లెక్చరర్: అక్కడి మేస్త్రీనే పెట్టుకుందాం. కూలి మేమిస్తాం, దానికే చందా వేస్తాం. మా పిల్లలు మోస్తారు, కలుపుతారు, జల్లెడ పడతారు. తాపీ ముట్టరు. ఆయన మొదటి రెండు రోజుల్లో కట్టిన గోడకు మిగతా రోజులంతా నీళ్లు కొడతారు.

మేస్త్రీ: రెండు రోజులు, మిగతా ఐదు. ఏడుకు రెండు తక్కువ.

లెక్చరర్: పదిమంది ఇంకో రెండు రోజులు ఆగుతారు. నేనూ ఆగుతా.

మేస్త్రీ: గుమ్మం మీద పేరు?

లెక్చరర్: రాయం.

మేస్త్రీ: ముందు చివరి ఇంటికి పోవాలి. ఊరి పెద్దమనిషి చూపించిన ఇంటికి కాదు.

లెక్చరర్: అది నేను చూసుకుంటా.

మేస్త్రీ: అయినా పనివాడి కూలి పోతుంది బిడ్డా. మీరు ఊరికే మోస్తే, అక్కడ మోసే ఆడకూలీలకు పని ఉండదు. దానికేం చెప్తావు?

(చెల్లె దగ్గర దీనికి జవాబు లేదు. పెన్ను పట్టుకుని చాలాసేపు కాగితం వైపు చూసింది.)

లెక్చరర్: వాళ్లకు పని ఉన్నచోట మేము మోయం. కూలి ఇచ్చుకోలేని ఇళ్లకే పోతాం. ఇంతకంటే నాకు తోచడం లేదు.

మేస్త్రీ: నాకూ తోచడం లేదు. గోడ మాత్రం నేర్పను. పొద్దున ఆరింటికి తీసుకురా, పునాది మట్టి తీయడం, మాల్ కలపడం చూపిస్తా. నడుములు పడిపోయినవాళ్లను ఇక్కడే వదిలెయ్.

లెక్చరర్: నలభై పారలు ఎక్కడ తేవాలి?

మేస్త్రీ: అడ్డా మీద కూలీల దగ్గర ఉంటాయి. రోజు కిరాయి ఇచ్చి తీసుకో. సాయంత్రం కడిగి ఇవ్వాలి.