మాడ్యూల్ లేదు కాబట్టి పని కాదు

పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్లినవాళ్లకు అక్కడి ఏ, బీ, సీ కౌంటర్లు గుర్తుండే ఉంటాయి. ఏ కౌంటర్లో ఫొటో తీసి, వేలిముద్రలు తీసుకుని, కాగితాలు స్కాన్ చేసేది ప్రైవేటు ఐటీ కంపెనీ టీసీఎస్ సిబ్బంది. బీలో పత్రాలు సరిచూసేవాళ్లు, సీలో పాస్‌పోర్టు ఇవ్వాలా వద్దా తేల్చేవాళ్లు ప్రభుత్వ ఉద్యోగులు. 2008లో విదేశాంగ శాఖ ఆ కంపెనీతో కుదుర్చుకున్న ఏర్పాటు ఇది. సాఫ్ట్‌వేర్, సర్వర్లు, క్యూ నడపడం కంపెనీ పని. డేటా, నిర్ణయం సర్కారువి. మన దేశంలో ఐటీ ఔట్‌సోర్సింగ్ బాగా కుదిరిన సందర్భాలు చెప్పమంటే చాలామంది ముందు దీన్నే చెబుతారు, అందులో న్యాయం ఉంది.

ఇలా ఎవరి పని ఏదో తేల్చకుండా వదిలేస్తే ఏమవుతుందో తెలంగాణ రైతును అడగాలి.

2020 అక్టోబర్ 29న భూముల రిజిస్ట్రేషన్లు, రికార్డుల కోసం తెలంగాణ ప్రభుత్వం పెట్టిన ధరణి పోర్టల్ మొదలైంది. భూరికార్డుల సాఫ్ట్‌వేర్ పని 2018లో ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ టెక్నాలజీస్‌కు దక్కింది. అదే ఏడాది దాని మాతృసంస్థ అప్పులు కట్టలేక కుప్పకూలింది. ఆ తర్వాత కంపెనీ చేతులు మారి టెరాసిస్ అయింది. లక్షల మంది పట్టాదారుల వివరాలున్న వ్యవస్థను నడిపే కంపెనీ యజమానులు మధ్యలో మారిపోతే, ఒప్పందం రాసుకున్న ప్రభుత్వం చేయగలిగింది పెద్దగా ఏమీ లేకపోయింది.

నిజానికి రైతును ఏడిపించింది యాజమాన్యం గొడవ కాదు, మాడ్యూళ్లు, అంటే పోర్టల్‌లో ఒక్కో పనికి పెట్టిన ఒక్కో విభాగం. పేరులో తప్పు దొర్లితే ఒక మాడ్యూల్, విస్తీర్ణం తగ్గితే ఇంకోటి, పాస్‌బుక్ వివరాలు సరిచేయాలంటే టీఎం-33 అనే మాడ్యూల్. సర్వే నంబర్ పొరపాటున రిజిస్ట్రేషన్ కుదరని నిషేధిత జాబితాలోకి పోయినా, వివాదంలో ఉన్న భూముల జాబితా పార్ట్-బిలో పడినా మీసేవ కేంద్రం చుట్టూ తిరగాలి. దరఖాస్తు ఏ మాడ్యూల్ కింద పెట్టాలో తేలక తిరస్కరణకు గురైనవాళ్లు ఎంతమందో. తహసీల్దార్‌కు ఊరు తెలుసు, పొలం తెలుసు, తప్పు ఎక్కడ జరిగిందో కూడా తెలుసు. అయినా ఆయన స్క్రీన్‌లో ఆ బటన్ లేదు. 'మాడ్యూల్ రాలేదు, వచ్చాక చూద్దాం' అన్నది మండల ఆఫీసుల్లో రోజువారీ జవాబైపోయింది.

కంపెనీని తిట్టి ఊరుకోవడం తేలిక. తప్పులు దిద్దే అధికారాలు కలెక్టర్ దగ్గర కుప్పపోసింది, కింది స్థాయిలో అప్పీలుకు చోటు లేకుండా 2020 చట్టం రాసింది ప్రభుత్వమే. కంపెనీ అడిగింది కట్టిచ్చింది. గొడవంతా ఎక్కడంటే, చట్టం మార్చడానికి అసెంబ్లీ ఉంది గానీ, సాఫ్ట్‌వేర్‌లో చిన్న మార్పు కావాలన్నా శాఖ దగ్గర చేయగలిగిన మనిషి లేడు. ప్రభుత్వం మారేనాటికి పెండింగ్ దరఖాస్తులు సుమారు రెండున్నర లక్షలు. 2024 ఫిబ్రవరి చివర్లో అధికారాలు తహసీల్దార్లకు, ఆర్డీవోలకు పంచితే గానీ ఫైళ్లు కదలలేదు. ఆ డిసెంబర్ నుంచి నిర్వహణ కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్ఐసీ చేతికి వెళ్లింది. 2025 ఏప్రిల్‌లో కొత్త చట్టంతో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది.

ఎన్ఐసీకి ఇచ్చేశాం కాబట్టి సమస్య తీరిందనుకునేవాళ్లతో నేను ఏకీభవించను. అక్కడా చాలా పని కాంట్రాక్టు సిబ్బందే చేస్తారు. బోర్డు మీద పేరు సర్కారుదైతే చాలదు, ఏ రూల్ ఎక్కడ రాసి ఉందో తెలిసిన ఇంజనీరు రెవెన్యూ శాఖలోనే జీతం తీసుకుంటూ ఉండాలి.

క్లౌడ్‌లో, అంటే డేటా, సాఫ్ట్‌వేర్ వేరే కంపెనీ సర్వర్లలో అద్దెకు పెట్టుకునే పద్ధతిలో, ఇదే చిక్కు ఇంకా పెద్దది. 2025 జూలై 18న యూరోపియన్ యూనియన్ గుజరాత్‌లో వాడినార్ రిఫైనరీ నడిపే నయారా ఎనర్జీ మీద ఆంక్షలు పెట్టింది. రష్యా కంపెనీ రాస్‌నెఫ్ట్‌కు అందులో 49.13 శాతం వాటా ఉంది, అదీ కారణం. కొద్ది రోజులకే మైక్రోసాఫ్ట్ నయారా ఉద్యోగుల ఈమెయిల్, టీమ్స్ ఆపేసింది. ఆంక్షలు మన దేశానివి కావు, లైసెన్సులకు డబ్బు ముందే కట్టామని కంపెనీ మొత్తుకుంది. ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాక, నెలాఖరుకు సేవలు తిరిగొచ్చాయి. పెద్ద రిఫైనరీ కాబట్టి లాయర్లను పెట్టుకుని నిలబడింది. ఒక జిల్లా ఆసుపత్రికో, మున్సిపాలిటీకో ఇలాగే జరిగితే?

అలాగని అన్నీ మన భవనంలోనే పెట్టుకుందామంటే అదీ గ్యారంటీ కాదు. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలో డేజాన్ నగరంలోని ప్రభుత్వ సొంత డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలు అంటుకుని 709 ప్రభుత్వ వ్యవస్థలు ఆగిపోయాయి. అధికారులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లో 858 టెరాబైట్ల డేటా బూడిదైంది. మరీ పెద్దదని దానికి బ్యాకప్పే పెట్టలేదట. టెక్నాలజీలో మనకంటే ఎంతో ముందున్న దేశం పరిస్థితి అది.

కాబట్టి సొంతమా ప్రైవేటా అన్న వాదన దగ్గరే ఆగిపోకూడదు. టెండర్ నోటీసు తెరిస్తే పని ఎలా మొదలుపెట్టాలో పేజీలకు పేజీలు ఉంటుంది. పని అయిపోయాక కంపెనీ ఎలా వెళ్లిపోవాలో చాలాసార్లు రెండు పేరాల్లో ముగుస్తుంది. క్లౌడ్‌లోకి డేటా పంపడానికి సాధారణంగా చార్జీ ఉండదు, బయటికి తీసుకోవాలంటే ఉంటుంది. ఆ ఖర్చు మొదటి రోజే లెక్కగట్టే అధికారి ఎవరు? తక్కువ ధర వేసినవాడికే పని అన్న పద్ధతిలో, కంపెనీ మారినప్పుడు అయ్యే ఖర్చు కొటేషన్‌లో కనబడదు, మూడేళ్ల తర్వాత బిల్లులో కనబడుతుంది.

విశాఖలో డేటా సెంటర్ మీద అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతానని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. హైదరాబాద్‌లో అమెజాన్ క్లౌడ్ రీజియన్, అంటే దాని డేటా సెంటర్ల సముదాయం, 2022 నుంచే నడుస్తోంది. ఉద్యోగాలు, కరెంటు, నీళ్ల గురించి చర్చ జరుగుతోంది, జరగాలి కూడా. కానీ ఆ గోడలు మన నేల మీద లేచినంత మాత్రాన లోపలి డేటా మీద మన శాఖలకు పట్టు వచ్చినట్టు కాదు. నయారా రిఫైనరీ కూడా మన నేల మీదే ఉంది.

ధరణి నిర్వహణను ఎన్ఐసీకి అప్పగించింది మూడేళ్లకు. ఆ గడువు తీరేలోగా రెవెన్యూ శాఖ తన ఇంజనీర్లను తాను నియమించుకోవచ్చు. ప్రతి మాడ్యూల్ చట్టంలోని ఏ సెక్షన్ ప్రకారం పనిచేస్తుందో, దరఖాస్తు తిరస్కరించడానికి కారణాలేమిటో తెలుగులో వెబ్‌సైట్‌లో పెట్టవచ్చు. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఒక జీవో చాలు.