ఖండించారు, తెలుగులో వినపడలేదు

ఎక్కడ బాంబు పేలినా, ఎక్కడ కాల్పులు జరిగినా తెల్లారేసరికి వరంగల్ చౌరస్తాలో, కాజీపేట స్టేషన్ బయటి టీ కొట్ల దగ్గర, కరీంనగర్ బస్సులో ఒకే ప్రశ్న వినిపిస్తుంది. ‘ముస్లింల మత పెద్దలు ఒక్కరైనా నోరు విప్పారా?’ అడిగేవాళ్లంతా ద్వేషంతోనే అడుగుతున్నారని మేం అనుకోవడం లేదు. చాలామందికి నిజంగానే తెలియదు. అలా తెలియకపోవడంలో మాలాంటి తెలుగు పత్రికల తప్పు కూడా ఉంది.

2008 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్‌లోని ప్రముఖ ఇస్లామిక్ విద్యాసంస్థ దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ దేశం నలుమూలల నుంచి ఉలమాలను, అంటే మత పండితులను పిలిచి, ఉగ్రవాదం ఇస్లాంకు విరుద్ధమని ప్రకటించింది. మే 31న ఢిల్లీ రాంలీలా మైదానంలో అదే మాటను ఫత్వాగా, అంటే మతపరమైన తీర్పుగా ఇచ్చింది. ఆ నవంబరులో మన హైదరాబాద్‌లోనే ఉలమాల సంస్థ జమియత్ ఉలమా సభలు జరిగాయి. అక్కడ దాదాపు 6,000 మంది ఉలమాలు ఆ ఫత్వాను బలపరిచారు. ఆ సంగతి ఇప్పుడు మన జిల్లాల్లో ఎంతమందికి గుర్తుంది? అదే నెలలో ముంబైపై దాడి జరిగింది. చనిపోయిన తొమ్మిది మంది ముష్కరులను తమ శ్మశానంలో పూడ్చనివ్వబోమని అక్కడి ముస్లిం ట్రస్టు తేల్చి చెప్పింది. ఆ శవాలు ఏడాదికి పైగా మార్చురీలోనే ఉండిపోయాయి. అంత్యక్రియలను అంత పవిత్రంగా చూసే సమాజం గుప్పెడు మట్టి వేయడానికి కూడా ఒప్పుకోలేదంటే, అంతకన్నా గట్టి ఖండన ఏముంటుంది?

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు. పర్యాటకులను కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్న గుర్రపు సవారీ నడిపే ముస్లిం యువకుడూ వారిలో ఉన్నాడు. ఆ శుక్రవారం శ్రీనగర్ జామా మసీదులో మృతుల కోసం మౌనం పాటించారు. హైదరాబాద్‌లో నల్ల రిబ్బన్లు కట్టుకుని నమాజుకు వెళ్లారు.

మరి మనకెందుకు వినపడదు? జుమ్మా ఖుత్బా, అంటే శుక్రవారం నమాజు ప్రసంగం అరబీలో సాగుతుంది. అంతకుముందు ఇచ్చే బయాన్, అంటే ఉపన్యాసం ఎక్కువగా ఉర్దూలో ఉంటుంది. ప్రకటన ఉర్దూ పత్రికలో మొదటి పేజీలో వస్తే, తెలుగు పత్రికలో లోపలి పేజీ మూలన నాలుగు లైన్లయినా ఉండదు. మండిబజార్‌లో పక్కపక్క దుకాణాలు నడిపే ఇద్దరు వ్యాపారులు చెరో పత్రిక చదివి, చెరో దేశంలో ఉన్నట్టు బతుకుతున్నారు.

ఈ నేలకు రజాకార్ల జ్ఞాపకం ఉంది. వాళ్లు జనాన్ని చంపిన పరకాల, బైరాన్‌పల్లి పేర్లు చెబితే పాత తరం గుండె ఇప్పటికీ బరువెక్కుతుంది. కానీ ఆ రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో హత్యకు గురైన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ కూడా ముస్లిమే. పత్రికలో పనిచేసే వాళ్లుగా ఆయన పేరు తలచుకున్నప్పుడల్లా మాకు తలవంచాలనిపిస్తుంది. పరకాలను గుర్తుంచుకున్నంతగా ఆయన్ను ఎందుకు గుర్తుంచుకోలేదన్న బాధా ఉంది.

మత పెద్దలకు కూడా ఒక మాట చెప్పాలి. కొన్ని ప్రకటనల్లో ఖండించిన వెంటనే ‘కానీ’ అని మొదలై, ఆ తర్వాతిదంతా వేరే ఫిర్యాదుగా సాగుతుంది. ఆ ఫిర్యాదులో న్యాయం ఉండొచ్చు. 2007లో హైదరాబాద్ మక్కా మసీదులో పేలుడు జరిగితే, పోలీసులు ముందు పట్టుకుపోయింది ముస్లిం యువకులనే. తర్వాత వాళ్లు నిర్దోషులుగా బయటపడ్డారు. ఆ గాయం గురించి మాట్లాడాల్సిందే. అయితే శవం ఇంటికి చేరని రోజున కాదు. ఆ రోజు చంపిన సంస్థ పేరు పెట్టి, తప్పు అని మాత్రమే చెప్పాలి. అన్యాయంగా ఒక్కరిని చంపితే మానవాళినంతా చంపినట్టేనన్న ఖురాన్ మాటను తెలుగులో చెప్పాలి.

ఒక మతం వాళ్లనే ప్రతిసారీ సంజాయిషీ అడగడం న్యాయం కాదు. కాజీపేట దర్గా ఉర్సుకు, అన్నారం షరీఫ్ దర్గాకు హిందువులు మొక్కులతో వెళ్లే జిల్లా ఇది. పీర్ల పండుగకు ఊరంతా కదిలే పల్లెలివి. పక్కింటి మనిషిని నువ్వెటువైపు అని నిలదీయాల్సిన అవసరం ఇక్కడ ఎవరికీ రాకూడదు.

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ మసీదు కమిటీలకు మా విన్నపం ఒక్కటే. బయాన్‌లో చెప్పిన ఖండనను తెలుగులో అరపేజీ రాసి, ఆ సాయంత్రమే మాకు పంపండి. దాన్ని ఘటన వార్త పక్కనే, అదే పేజీలో అచ్చువేస్తాం.