ఈ వారం ఫోనుతో ఏం తయారు చేశావు?

పిల్లలు రోజుకు ఎన్ని గంటలు ఫోను చూడవచ్చు? బడిలో తల్లిదండ్రుల సమావేశమైనా, టీవీలో చర్చ అయినా, పెళ్లిలో నలుగురు తల్లులు ఒకచోట చేరినా ఇదే ప్రశ్న. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేశాక, ఆంధ్రప్రదేశ్‌లోనూ మంత్రుల స్థాయిలో అదే మాట వినిపించాక, గంటల లెక్కకు, వయసు లెక్కకు గిరాకీ బాగా పెరిగింది. ఈ లెక్కల మీద నాకు నమ్మకం లేదు. ఒక పిల్లవాడు రెండు గంటలు ఫోను పట్టుకుని తన ఊరి చెరువు మీద చిన్న వీడియో కూర్చాడనుకుందాం. ఇంకొకడు అరగంట సేపు బొటనవేలితో రీళ్లు తోసుకుంటూ పోయాడనుకుందాం. గంటల కొలబద్ద పెడితే తప్పు చేసినవాడు మొదటివాడవుతాడు. అలాంటి కొలబద్దతో పిల్లలను పెంచలేం.

వాళ్లను అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. ఈ వారం ఫోనుతో ఏం తయారు చేశావు?

మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. దసరా సెలవులకు ఊరికి వచ్చినప్పుడు మా అమ్మ దగ్గర కూర్చుని, వరినాట్ల రోజుల గురించి చెప్పించి ఫోనులో రికార్డు చేశాడు. ఆవిడ పావుగంట మాట్లాడింది. నాట్లు వేస్తూ పాడుకున్న పాటలు, గట్టు మీద సద్దిమూటలు, మోకాలి లోతు బురద, సాయంత్రం కూలి గింజలు కొలిచేటప్పుడు కుంచం దగ్గర జరిగే మోసం, అన్నీ చెప్పింది. వాడు దాన్ని ఒక నిమిషానికి కుదించాడు. గాలి హోరుకు మాట సరిగా వినపడని భాగమంతా తీసేశాడు. కుంచం సంగతి ఆ భాగంలోనే ఉంది. చివరికి మిగిలింది "ఆ రోజులు బాగుండేవి నాయనా, అందరం కలిసి పాడుకునేవాళ్లం" అన్న మాట, దాని వెనక మెత్తటి సంగీతం. రాత్రి భోజనాలయ్యాక అందరికీ చూపించాడు. బాగుందన్నాం. అమ్మ మాత్రం చివరిదాకా చూసి, "నేను చెప్పింది ఇది కాదురా" అంది.

వాడి ముఖం చిన్నబోయింది. "అన్నీ నువ్వన్న మాటలే కదా అమ్మమ్మా, నేనేమీ కలపలేదు" అన్నాడు. నిజమే, ఒక్క మాట కూడా కల్పించలేదు. ఉన్నవాటిలో కొన్ని తీసేశాడు, అంతే. "కొలత దగ్గర చేసిన అన్యాయం చెప్పకుండా పాటలొక్కటే చెబితే, ఆ ఆసాములను నేను మెచ్చుకున్నట్టు కాదా?" అని ఆవిడ అడిగింది. ఆ రాత్రి వాడు చాలాసేపు మేలుకుని మళ్లీ మొదటి నుంచి కూర్చాడు. మాట వినపడని చోట అమ్మమ్మ మాటలను తెర మీద తెలుగు అక్షరాల్లో వేశాడు. వీడియో ఒక నిమిషం 40 సెకన్లు అయింది. ఈసారి అమ్మ రెండుసార్లు చూసింది.

నకిలీ వీడియోల గురించి ఎన్ని ఉపన్యాసాలు విన్నా వాడికి ఇంతగా తెలిసేది కాదు. అబద్ధం చెప్పడానికి అబద్ధపు మాట అక్కర్లేదని, నిజం మాటలను కత్తిరించినా చాలునని తన చేతులతో చేసి తెలుసుకున్నాడు. మాట్లాడిన మనిషికి ఆ మాట మీద హక్కు ఉంటుందనీ తెలుసుకున్నాడు. ఇప్పుడు ఏ నాయకుడి 20 సెకన్ల తునక వాట్సాప్‌లో వచ్చినా, "దీనికి ముందు ఏమన్నాడు, తర్వాత ఏమన్నాడు" అని అడుగుతున్నాడు.

సృజన, బాధ్యత అని మనం రెండింటినీ వేరువేరు పెట్టెల్లో పెడుతున్నాం. ముందు బాధ్యత నేర్పుదాం, సృజన సంగతి తర్వాత చూద్దాం అంటున్నాం. ఈ వరుస తప్పు. దిగితేనే లోతు తెలుస్తుంది. ఒక అమ్మాయి గీసిన బొమ్మను వేరెవరో తమ పేరుతో పెట్టుకున్నప్పుడు ఆమెకు కలిగే మంట, కాపీ హక్కుల మీద పది పేజీల పాఠం చదివితే కలగదు. తాను చేసిన చిన్న ఆటను తమ్ముడు అరగంట వదలకుండా ఆడినప్పుడు, వాడిని వదలనివ్వకుండా చేసిందేమిటో ఆ ఆట చేసిన పిల్లకు తెలుస్తుంది. పెద్ద కంపెనీల యాప్‌లు తన మీద ప్రయోగిస్తున్నదీ ఆ చిట్కానే అని అప్పుడు ఆమెకు మనం చెప్పనక్కర్లేదు.

మన పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నారు? గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను, పల్లె పిల్లల చదువుల తీరు చూసే అసర్ సర్వే 2024లో అడిగింది. స్మార్ట్‌ఫోను వాడటం వచ్చన్నవారు 82 శాతం. వారిలో అంతకు ముందు వారం రోజుల్లో చదువుకు సంబంధించిన పనికి వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. సోషల్ మీడియా వాడేవారిలో ఒక ఖాతాను అడ్డుకోవడం గానీ, దాని మీద ఫిర్యాదు చేయడం గానీ తెలిసినవారు 62 శాతమే. పదిమందిలో దాదాపు నలుగురు తలుపు గడియ వేయడం తెలియకుండానే వీధి గదిలో కూర్చున్నారు. ఈ అంకెలు చూసి మనం చదువుకు ఎంత, కాలక్షేపానికి ఎంత అని వాదించుకుంటాం. తయారీ అనే మూడో గడి ఒకటి ఉండాలన్న ఊహే మనకు రాదు.

ప్రభుత్వాలకూ రాలేదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు సుమారు 5 లక్షల ట్యాబులు పంచారు. వాటిలో బైజూస్ పాఠాలు నింపి ఇచ్చారు. ఆ పథకం మీద జరిగిన రాజకీయ రగడ పాఠకులకు తెలిసిందే, దాని జోలికి నేను పోను. మెచ్చుకున్నవారూ తిట్టినవారూ ఒక్క విషయంలో ఏకమయ్యారు: ట్యాబు అంటే చూసే వస్తువు. మంచి పాఠం చూస్తున్నారా, సినిమా చూస్తున్నారా అన్నదే తగాదా. నల్లబల్ల ముందు చేతులు కట్టుకుని కూర్చున్న పిల్లవాడు అద్దం పలక ముందు కూడా అలాగే కూర్చున్నాడు. 2026-27 విద్యా సంవత్సరం నుంచి మూడో తరగతి మొదలుకొని కృత్రిమ మేధను పాఠ్యాంశంగా తెస్తామని కేంద్ర విద్యాశాఖ ప్రకటించింది. అది కూడా నిర్వచనం రాస్తే ఐదు మార్కులన్న పాఠంగా మారుతుందేమోనని నా భయం.

పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష పుట్టింది 1967లో. దాన్ని రూపొందించినవారిలో ఒకరైన సేమౌర్ పాపర్ట్ జీవితమంతా ఒకే మాట మీద నిలబడ్డారు. పిల్లవాడు కంప్యూటర్‌ను నడపాలి గానీ, కంప్యూటర్ పిల్లవాణ్ని నడపకూడదు. ఆ భాషలో పిల్లలు తెర మీది తాబేలుకు ముందుకు వెళ్లమని, మలుపు తిరగమని ఆజ్ఞలిచ్చి బొమ్మలు గీసేవారు. తాబేలు తప్పుదారి పట్టిందంటే తామిచ్చిన ఆజ్ఞలోనే తప్పుందని వెనక్కి వెళ్లి వెతుక్కునేవారు. యంత్రం మీద నెపం వేయకుండా తన పనిని తాను దిద్దుకోవడం కన్నా పెద్ద బాధ్యత పాఠం ఏముంటుంది?

నిషేధం కోరేవారి బాధ నాకు తెలుసు. యాప్‌లు పిల్లల మనసును పట్టి ఉంచేలా కావాలనే తయారవుతున్నాయని, వాటితో పోరాడమని పదేళ్ల పసివాడికి చెప్పడం అన్యాయమని వారంటారు. ఆ మాట నిజం. పదేళ్ల పిల్లలకు సొంత ఫోను అక్కర్లేదని నేనూ అంటాను. ఆస్ట్రేలియా చట్టం పిల్లలను శిక్షించకుండా కంపెనీలకే 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల వరకు జరిమానా పెట్టడం, మన 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్ల లోపు వారి మీద నిఘాను, వారికి గురిపెట్టే ప్రకటనలను కాదనడం మంచివే. కానీ చట్టం తలుపు మూయగలదు, నడక నేర్పలేదు. 16 ఏళ్లు నిండిన మర్నాడు ఆ తలుపు తెరుచుకుంటుంది. అప్పటిదాకా ఏమీ తయారు చేయని పిల్లవాడు అవే రీళ్ల ముందు, అదే అమాయకత్వంతో నిలబడతాడు.

తయారీ నేర్పడం మన స్తోమతకు మించిన పని అనేవారు కేరళ వైపు చూడాలి. అక్కడ బడుల్లో కంప్యూటర్ చదువు కోసం ఐటీ ఎట్ స్కూల్ అనే ప్రభుత్వ పథకం 2001లోనే మొదలైంది. బడి కంప్యూటర్లను, ఎవరైనా వాడుకుని మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదికి మార్చారు కాబట్టి లైసెన్సుల ఖర్చు తగ్గింది, పిల్లలు లోపలికి తొంగి చూసే వీలు కలిగింది. 2018లో లిటిల్ కైట్స్ క్లబ్బులు వచ్చాయి. రెండు వేలకు పైగా ఉన్నత పాఠశాలల్లో ఈ క్లబ్బుల పిల్లలు యానిమేషన్, ప్రోగ్రామింగ్, ఎలక్ట్రానిక్స్, మలయాళంలో కంప్యూటర్ వాడకం నేర్చుకుంటారు. తమ బడి కార్యక్రమాలను తామే చిత్రీకరించి వార్తలుగా కూర్చుతారు. ఆ పిల్లలే 2022లో తల్లులను బడికి పిలిచి సైబర్ భద్రత మీద తరగతులు చెప్పారు. పదమూడేళ్ల అమ్మాయి అమ్మలందరి ముందు నిలబడి, ఓటీపీ ఎవరికీ ఎందుకు చెప్పకూడదో వివరిస్తోంది. మన దగ్గర అలాంటి అమ్మాయికి దొరక్కుండా ఫోను ఎక్కడ దాచాలా అని తల్లులు ఆలోచిస్తున్నారు.

కేరళ జాబితాలో మలయాళం ఉందన్న సంగతి దగ్గర నేను ఆగిపోతున్నాను. అసలు గొడవ అక్కడే ఉందని నా నమ్మకం.

మన పిల్లలు ఫోనులో తెలుగు మాట్లాడతారు, తెలుగు వింటారు, తెలుగు రాయరు. "ఎక్కడున్నావు" అని కూడా ఇంగ్లిష్ అక్షరాలతో రాస్తారు. 2011 జనగణన ప్రకారం మనం 8 కోట్ల 11 లక్షల మందిమి. ఆండ్రాయిడ్ ఫోనులో తెలుగు కీబోర్డు తెచ్చుకోవడానికి పైసా ఖర్చు లేదు, రెండు నిమిషాల పని. అయినా పదో తరగతి పూర్తయ్యేలోపు ఒక్కసారైనా తెలుగులో టైపు చేయమని బడి అడగదు. సొంత భాషలో రాయలేని చోట పిల్లవాడు ప్రేక్షకుడిగానే మిగులుతాడు. చెప్పదలచుకున్నది నోటి దాకా వచ్చి, వేళ్ల దాకా రాకుండా ఆగిపోతుంది. చేతికి మిగిలేది లైకు కొట్టడం, ఇతరులది ముందుకు పంపడం.

ఆ రాత్రి మా అక్క కొడుక్కి తెలుగు కీబోర్డు చూపించింది నేనే. అమ్మమ్మ మాటల్లో "కక్ష" అన్న పదం వచ్చింది. వాడు కీల మీద "క్ష" కోసం వెతుకుతున్నాడు. క కొట్టు, దానికి పొల్లు పెట్టు, ఆపైన ష కొట్టు అన్నాను. మూడు నొక్కులు అయ్యాయో లేదో రెండు అక్షరాలు ఒకటైపోయాయి. వాడు చెరిపి మళ్లీ కొట్టాడు. తర్వాత స, పొల్లు, త, పొల్లు, ర, ఆపైన ఈకారం కొట్టి "స్త్రీ" చూశాడు. "ఒత్తు అంటే ఇదా మామయ్యా? పై అక్షరంలో అచ్చు పోయిందనా?" అన్నాడు. ఒకటో తరగతి నుంచి ఒత్తులు దిద్దుతున్న పిల్లవాడికి ఒత్తు ఎందుకో తొమ్మిదో తరగతిలో, ఫోను మీద తెలిసింది. తెలుగు లిపిని విప్పి చూపే పరికరం అందరి జేబుల్లో ఉంది. దాన్ని తెలుగు పీరియడ్‌లోకి రానివ్వం.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో రెండు రాష్ట్రాల గ్రామాల మీద వేల వ్యాసాలు ఉన్నాయి. మీ ఊరి పేజీ తెరిచి చూడండి. చాలా ఊళ్లకు జనగణన నుంచి తీసిన జనాభా, విస్తీర్ణం, పక్క పట్టణం ఎంత దూరం అన్న వివరాలు ఉంటాయి. చెరువు కట్ట ఫోటో ఉండదు, గుడి ముందున్న శాసనం మాట ఉండదు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంతకన్నా మంచి పని ఏది? ఫోటో తీసి ఎక్కించాలంటే, ఆ బొమ్మను ఎవరైనా వాడుకోవచ్చన్న అనుమతి తానే ఇవ్వాలి. అందులో మనుషులుంటే వారిని అడగాలి. వాక్యం రాస్తే మూలం చూపాలి. మా తాత చెప్పాడంటే అక్కడ కుదరదు, అచ్చయిన ఆధారం కావాలి. ఆ పుస్తకం కోసం పిల్లవాడు మండల గ్రంథాలయం మెట్లెక్కాలి. రాసిన వాక్యాన్ని ముక్కూ మొహం తెలియని మరొకరు దిద్దితే కోపగించుకోకుండా చర్చించాలి. సమ్మతి, ఆధారం, మర్యాద అని మనం విడివిడి పాఠాలుగా చెప్పాలనుకునేవన్నీ ఒక్క ఊరి పేజీలో ఇమిడిపోయాయి.

దీనికి ఇంకో తొందర కూడా ఉంది. ఇవాళ పిల్లలు ప్రతి సందేహానికీ కృత్రిమ మేధనే అడుగుతున్నారు. అది నేర్చుకునేది మనుషులు రాసిపెట్టినదాని నుంచే. ఇంగ్లిష్‌లో సముద్రమంత రాత ఉంది, తెలుగులో చెరువంత. మన నాట్ల పాటలు, కుంచం కొలతలు, ఊరి శాసనాలు తెలుగులో ఎవరూ రాయకపోతే, రేపు మన మనవలు అడిగినప్పుడు యంత్రం తెలియకపోయినా ఏదో ఒకటి అల్లి చెబుతుంది. అది అల్లిక అని పట్టుకోవడానికి కూడా ఎవరో ఒకరు నిజం రాసి ఉండాలి.

అందుకు కొత్త ట్యాబులు కొనమని నేను అడగడం లేదు. వారానికి ఒక్క పీరియడ్ చాలు. బడిలో ఉన్న కంప్యూటర్, లేదా ఉపాధ్యాయుడి ఫోను, నలుగురైదుగురు పిల్లలకు ఒకటి. మొదటి నెల తెలుగులో టైపు చేయడం. రెండో నెల ఇంట్లో పెద్దవారిని అడిగి, వారి అనుమతితో రెండు నిమిషాల రికార్డు. ఆ తర్వాత ఊరి పేజీ. మార్కులు వద్దు. నెలాఖరున తయారు చేసినదాన్ని ఎవరి గురించి చేశారో వారికే చూపించి, "నేను చెప్పింది ఇదేనా" అని వారి చేత అనిపించుకోవాలి. జూన్‌లో బడులు తెరిచేటప్పటికి ఆ ఒక్క పీరియడ్ రెండు రాష్ట్రాల టైమ్‌టేబుల్‌లోనూ కనిపించాలి.